పసుపు గీతకు అటువైపు

లా గులెత్ రేవులో పెద్ద ఓడలు ఆగే చోట, మెట్లకు పది అడుగుల దూరంలో, నేల మీద పసుపు గీత ఒకటి గీసి ఉంటుంది. గీతకు ఇవతల ఊరు. అవతల ఓడవాళ్ల రాజ్యం. మే నెల మొదటి గురువారం నాడు నిజార్ ఆ గీతకు బూటు ముక్కు ఆనించి నిలబడి, ఓడలోంచి ఎవరో జారవిడిచిన కాగితం ఒకటి చేత పట్టుకుని, శుభలేఖ చదివినట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు.

“నగలు వేసుకుని దిగవద్దు. ఒంటరిగా తిరగవద్దు. బయట ఏదీ తినవద్దు. కొత్తవాళ్లతో మాట్లాడవద్దు.”

గీతకు అటువైపు, దిగేవాళ్ల పేర్లకు టిక్కులు పెడుతున్న తెల్లచొక్కా అమ్మాయి తలెత్తింది.

“చదవడం వచ్చినందుకు సంతోషం. మీరెవరు?”

“ఆ కనిపించే నలభై నాలుగు సీట్ల బస్సుకి గైడుని. నిజార్. ఇది రాసిందెవరో కళ్లారా చూద్దామని వచ్చాను.”

“నేనే రాశాను. రొమీనా.”

“మరి నాతో మాట్లాడుతున్నారే. నాలుగో షరతు మీకు లేదా?”

ఆమె పెన్ను ఆగింది. పెదవి కొరికి నవ్వు మింగింది. “నేను గీతకు ఇటువైపున్నాను కదండీ,” అంది.

అలా మొదలైంది. ఓడలో ఏ రేవులో దిగితే ఏం చూడొచ్చో చెప్పి టిక్కెట్లు ఇచ్చే బల్ల దగ్గర ఉద్యోగం ఆమెది. మాల్టా పిల్ల. ఆ దీవి మాటా ఈ రేవు మాటా అక్కచెల్లెళ్ల పిల్లల్లాంటివి కాబట్టి ఇద్దరూ ఎవరి మాట వాళ్లు మాట్లాడినా పనైపోయేది. గురువారం గురువారం ఓడ రావడం, గీతకు చెరో వైపు నిలబడి ఇద్దరూ మాట విసురుకోవడం అలవాటైపోయింది. జూన్ వచ్చేసరికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. బస్సు నడిపే మోంజీ బాబాయ్ మాత్రం స్టీరింగు మీద గడ్డం ఆనించి అంతా చూస్తూ ఉండేవాడు. మామూలు రోజుల్లో నలిగిన చొక్కాతో వచ్చే కుర్రాడు గురువారం ఇస్త్రీ మడత నలగకుండా బస్సులో నిలబడే వస్తున్నాడేమిటని ఆయన అడిగితే, సీట్లకు దుమ్ము ఉందని చెప్పేవాడు నిజార్.

ఆగస్టులో దక్షిణాన ఎక్కడో, సరిహద్దు దగ్గర ఏదో గొడవ జరిగింది. రేవు నుంచి అది రోజున్నర ప్రయాణం. కానీ టీవీలో చూపించే పటంలో దేశం అరచేయంత ఉంటుంది, అందులో వేలు పెట్టి దూరం కొలిచేవాళ్లెవరు? ఆ వారం పద్దెనిమిది వందల మంది ఉన్న ఓడలోంచి బస్సెక్కింది పాతికమంది. మరుసటి వారం పన్నెండు మంది. మిగతావాళ్లు పైఅంతస్తు కటకటాల దగ్గర నిలబడి, జూలో పులిని చూసినట్టు ఊరిని చూశారు.

రొమీనా అసలు సంగతి ఆ పన్నెండు మందిని ఎక్కించేటప్పుడు చెప్పింది. వచ్చే ఏడు ఈ రేవులో ఆగాలా, మానేసి ఇంకో దీవికి పోవాలా అని కంపెనీవాళ్లు తేల్చుకుంటున్నారట. నెలాఖరులోగా ఆమె తన అభిప్రాయం రాసి ఉత్తరం పంపాలట. నిజార్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఓడ రాకపోతే ఇంకో ఓడ వస్తుంది, బస్సు ఖాళీగా ఉండదు. కానీ గురువారం ఖాళీ అయిపోతుంది.

“నిజం రాయి. అంతే కదా,” అన్నాడు.

“నిజం నాకేం తెలుసు? నువ్వు చెప్పిందే తెలుసు.” ఆమె గొంతు తగ్గించింది. “మూడు రోజులుగా ఒకావిడ నా బల్ల దగ్గర కాపురం పెట్టింది. ఎత్తుకుపోతారా, నీళ్లలో ఏం కలుపుతారు, ఈల వేస్తే పోలీసు వస్తాడా అని. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. చివర్న, ‘అమ్మాయ్, నువ్వెప్పుడైనా దిగావా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.”

ఆ ఒకావిడ అప్పుడే మెట్లు దిగుతోంది. పేరు ఓర్నెల్లా. ఇటలీలోని లివోర్నోలో పోస్టాఫీసు నుంచి రిటైరై పదేళ్లయింది. మెడలో ఇనప ఈల, బ్యాగుకి చిన్న తాళం, మేజోళ్లలో నోట్లు. బస్సెక్కాక డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, మోంజీ బాబాయ్ మెడ వంక రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. పాడుబడ్డ రాతి స్తంభాల దగ్గర ఈల చేతిలోకి తీసుకుంది. కొండ మీది నీలం తలుపుల వీధిలో దాన్ని మెడలో వదిలేసింది. ఒక పిల్లి కాళ్లకు రాసుకుంటే వంగి నిమిరింది కూడా.

తిరుగు దారిలో ఆవిడకి బాత్‌రూమ్ అవసరం పడింది. దారిలో మూడు హోటళ్లు చూపిస్తే మూడూ వద్దంది. రేవు గేటుకి మూడు వీధుల ఇవతలే నిజార్ ఇల్లు. బస్సాపించి ఇంటికే తీసుకువెళ్లాడు.

అతని తల్లి జోహ్రా గడపలో కొత్త మనిషిని చూడగానే పేరైనా అడగకుండా పొయ్యి మీద నూనె పెట్టేసింది. ఆ ఇంటి గడప దాటిన మనిషి ఖాళీ కడుపుతో బయటికి పోవడం నిజార్ పుట్టిన తర్వాత జరగలేదు. బస్సులో పదకొండు మంది ఎండకి ఉడికిపోతున్నారు. వాళ్లని దింపి రమ్మంది తల్లి, ఈలోగా ఆవిడ రెండు ముద్దలు తింటుంది కదా అంది. నిజార్‌కి అందులో తప్పేం కనిపించలేదు. మనిషిని అమ్మ దగ్గర వదలడం కంటే భద్రమైన పని ఏముంటుంది?

ఓడ మెట్ల దగ్గర మాత్రం లెక్క వేరు. వెళ్లింది పన్నెండు, వచ్చింది పదకొండు. గంట ఐదుకి పావు తక్కువ. ఐదున్నరకి అందరూ ఎక్కాలి, ఆరుకి ఓడ కదలాలి. మెట్ల దగ్గరి అధికారి వైర్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు.

“ఎక్కడ వదిలావు ఆవిడని?” రొమీనా మొహం పాలిపోయింది.

“మా అమ్మ దగ్గర.”

“నిజార్, ‘గైడు గారి తల్లి వంటింట్లో’ అని రాయడానికి ఈ కాగితంలో గడి లేదు. ఉన్న గడి ఒక్కటే. ‘కనబడుట లేదు’.”

అప్పుడు తెలిసింది అతనికి తను చేసిన పని ఏమిటో. ఆ మాట వైర్‌లెస్‌లో పలికితే కెప్టెన్ దాకా, కెప్టెన్ నుంచి కంపెనీ దాకా పోతుంది. ఇక ఉత్తరం కూడా అక్కర్లేదు. పరిగెత్తి తీసుకొస్తానన్నాడు. అధికారి తల అడ్డంగా ఊపాడు. ఓడ మనిషి వెళ్లి చూసి తీసుకొస్తానంటే ఐదుంపావు దాకా ఆగుతాడట. బయటి మనిషి మాట మీద ఆగలేడట.

రొమీనా గీత వంక చూసింది. “ఎంత దూరం?”

“నడిస్తే ఏడు నిమిషాలు.”

ఆమె చెయ్యి చెవి దుద్దుల మీదికి పోయింది. అవి బంగారువి. నిజార్ నాలుక చివర్న ఒక వేళాకోళం ఆడింది గానీ మింగేశాడు. చెయ్యి కిందికి దిగింది. దుద్దులు చెవులకే ఉన్నాయి. చల్లటి నీళ్లలో అడుగు పెట్టినట్టు జాగ్రత్తగా గీత దాటింది.

ఇద్దరూ వడివడిగా గేటు దాటారు. చేపలు కాల్చే పొగ వీధంతా కమ్ముకుని ఉంది. కాఫీ హోటలు ముందు పేకాడుకునే ముసలాళ్లు పేక ఆపి చూసి, చూశాక మళ్లీ ఆడుకున్నారు.

“ఇన్నాళ్లూ దిగకపోవడానికి డ్యూటీ కారణం అని చెప్పాను కదా,” అంది రొమీనా. “కాదు. మా అమ్మ కారణం. ‘ఆ ఒక్క రేవులో దిగకు, నాకు నిద్ర పట్టదు’ అంది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడకీ తెలీదు. నేను అది విని, దాన్నే కాగితం మీద అచ్చు వేసి పద్దెనిమిది వందల మందికి పంచాను.”

“భయపడడం తప్పు కాదు. నాకూ మీ ఓడ మెట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.”

“అందుకేనా ఎప్పుడూ గీత మీదే ఆగిపోతావు?”

“అందుక్కాదు,” అన్నాడు. మలుపు తిరిగి ఇల్లు చూపించాడు.

వంటింట్లోంచి అరుపులు వినిపించాయి. రొమీనా అడుగు తడబడింది. లోపలికి తొంగి చూస్తే ఓర్నెల్లా పీట మీద కూర్చుని, మోచేతుల దాకా పిండి పూసుకుని, ఉప్పు ఎంత వేయాలన్న దాని మీద జోహ్రాతో హోరాహోరీగా వాదిస్తోంది. జోహ్రా చిన్నప్పటి నుంచీ టీవీలో ఇటలీ సీరియళ్లు చూసి చూసి తిట్లతో సహా ఆ భాష నేర్చుకుంది. ఈల పొయ్యి పక్కన గరిటెలు వేలాడే మేకుకి వేలాడుతోంది.

జోహ్రా వెనక్కి తిరిగి తెల్లచొక్కా అమ్మాయిని నఖశిఖపర్యంతం చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“ఇదా నీ గురువారం?”

నిజార్ చెవులు ఎర్రబడ్డాయి. రొమీనా తల దించుకుని, టైము లేదండీ, వెంటనే వెళ్లాలండీ అంటోంది. మూడు నిమిషాలు అంటూ జోహ్రా పల్చటి పిండి రేకు పరిచి, మెదిపిన చేప పెట్టి, దాని మీద పచ్చి గుడ్డు కొట్టి, మడిచి, కాగే నూనెలోకి జార్చింది. అది బ్రిక్. పైన కరకరలాడాలి, లోపల సొన పచ్చిగానే ఉండాలి. చేత్తోనే తినాలి.

అది చూడగానే నిజార్‌కి విషయం అర్థమైంది. వాళ్లలో ఒక ఆచారం ఉంది. పిల్లని అడగడానికి వచ్చినవాడికి పిల్ల తల్లి బ్రిక్ వండి పెడుతుంది. సొన చుక్క కింద పడకుండా తింటే పిల్లనిస్తారు. పడితే టీ ఇచ్చి పంపిస్తారు. ఇక్కడ వచ్చింది పిల్ల, వండింది పిల్లాడి తల్లి. అయినా జోహ్రా చేతులు కట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే ఆ తేడా ఆవిడ లెక్కలోకి రాలేదని తెలుస్తూనే ఉంది. నిజార్ మటుకు పుట్టి బుద్ధెరిగాక ఒక్క బ్రిక్కూ చొక్కా పాడుచేసుకోకుండా తిన్న పాపాన పోలేదు.

రొమీనాకి ఇదేం తెలియదు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు కాబట్టి ఆకలి మాత్రం తెలుసు. మూల కొరికి, తల వెనక్కి వంచి, సొన మొదట తాగేసి, తర్వాత తీరిగ్గా మిగతాది తింది. తెల్లచొక్కా తెల్లగానే ఉంది. ఆచారం సంగతి జోహ్రా దగ్గర అప్పటికే విన్న ఓర్నెల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సరే,” అంది జోహ్రా. చేతులు కడుక్కుంది.

ఐదూ పన్నెండుకి ముగ్గురూ గీత దగ్గర ఉన్నారు. అధికారి పన్నెండో పేరుకి టిక్కు పెట్టి వైర్‌లెస్ నడుముకి తగిలించుకున్నాడు. జోహ్రా కట్టిచ్చిన తిండి మూట గుండెకి హత్తుకుని ఓర్నెల్లా మెట్లెక్కింది. ఈల మేకు మీదే వదిలేసింది.

“మీ అమ్మ ‘సరే’ అంది దేనికి?” అడిగింది రొమీనా.

“వచ్చే గురువారం చెబుతాను.”

వచ్చే గురువారం చెప్పలేదు. ఆ పై గురువారమూ చెప్పలేదు. కానీ కాగితం మారింది. బ్యాగు జిప్పు వేసుకోండి, టాక్సీ అయితే రేటు ముందే మాట్లాడుకోండి, ఐదున్నరకల్లా వచ్చేయండి అని రాసి, అడుగున ఇంకో వాక్యం చేర్చింది రొమీనా: నేను దిగాను, మళ్లీ దిగుతాను. బల్ల దగ్గర ఎవరడిగినా ఇప్పుడామె దగ్గర జవాబుంది. పదహారు మంది వచ్చారు, ముప్పై మంది వచ్చారు, సెప్టెంబరు చివర్లో మోంజీ బాబాయ్ మడత కుర్చీ వేయాల్సి వచ్చింది. కంపెనీకి రాసిన ఉత్తరంలో మాట ఒకటి ఆమె నిజార్‌కి చదివి వినిపించింది. ‘ఇక్కడ ప్రమాదమే లేదని రాయలేను. అలా మా ఊరి గురించి కూడా రాయలేను. ఇక్కడ మన ప్రయాణికురాలు తప్పిపోతే ఎక్కడ దొరికిందో మాత్రం రాయగలను.’

అక్టోబరులో ఆఖరి గురువారం. ఆ ఓడ మళ్లీ రావాలంటే ఏప్రిలే, అదీ వస్తేనే. నిజార్ కొత్త తెల్లచొక్కా వేసుకుని గీత దగ్గరికి వచ్చేసరికి రొమీనా పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన డబ్బా. ఇద్దరిదీ ఒకే ముక్కు, ఒకే చూపు.

“మా అమ్మ. కార్మెనా,” అంది రొమీనా. “ఈ వారం ప్రయాణికురాలు. కంపెనీ జవాబు వచ్చింది. ఏప్రిల్ నుంచి మళ్లీ గురువారమే.”

నిజార్ నవ్వాడు. ఏదో అనబోయాడు. ఆమె ఆపింది.

“‘సరే’ దేనికో ఓర్నెల్లా ఓడలోనే చెప్పేసింది. ఆ సాయంత్రమే.”

“ఆగస్టు నుంచీ తెలుసా? మరి అడుగుతూనే ఉన్నావుగా.”

“నువ్వెప్పుడు చెబుతావో చూద్దామని.”

మోంజీ బాబాయ్ బస్సు కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చేశాడు. నిజార్ గీత వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

“గీత మీదే ఎందుకు ఆగుతావని అడిగావు కదా. ఒక్క అడుగు ఇవతలికి వస్తే నువ్వు ఆ అడుగు దూరమవుతావని. రొమీనా, ఒక్క గురువారం నాకు చాలడం లేదు. మిగతా ఆరు రోజులూ కూడా కావాలి.”

రొమీనా తల్లి చేతిలోని డబ్బా మూత తీసింది. లోపల బంగారు రంగులో, వేడిగా, బ్రిక్.

“మా అమ్మే చేసింది. ఓడ వంటవాళ్లని బతిమాలి, నాలుగు పాడుచేసి, ఇది ఐదోది.” ఆమె కళ్లు నవ్వుతున్నాయి. “ఇక్కడే తినాలి.”

నిజార్ దేవుణ్ణి తలుచుకుని మూల కొరికాడు. మొదటి గుక్క బాగానే దిగింది. రెండో గుక్క కాస్త తొందరగా లాగాడు. సొన చుక్క ఒకటి గడ్డం మీదుగా జారింది. అతను ఇస్త్రీ చొక్కాని కాపాడుకోవడానికి ముందుకి వంగాడు. చుక్క కింద పడింది.

ముగ్గురూ నేల వంక చూశారు. చుక్క సరిగ్గా గీత మీద పడింది. పసుపు మీద పసుపు.

కార్మెనా కళ్లజోడు సవరించుకుని, వంగి, కాసేపు గీతనే పరీక్షగా చూసింది. ఆ రేవులో దిగవద్దని కూతురికి చెప్పిన మనిషి ఆవిడే.

“నాకేం కనబడడం లేదు,” అంది. చీలమండ దాకా ఉన్న గౌను అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, జాగ్రత్తగా గీత దాటింది. “మీ ఇంటికి ఎటు పోవాలి, నాయనా?”