ఎఫ్ ఫోర్ మీద ఎర్రదీపం

టేకుమట్ల శివారులో కౌసల్య మిర్చి కల్లం తగలబడి ఒక రోజైంది. ఎస్సై మేఘన గొంతులో మంట ఇంకా తగ్గలేదు.

నిన్న పదకొండింటికి మంట లేచింది. ఆ ఘాటుకు ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. కౌసల్య ఏడాది కష్టం బూడిదైంది. పక్కనే ఖాళీ పెట్రోలు డబ్బా దొరికింది.

కౌసల్య కూలీ భద్రు మీద ఫిర్యాదు ఇచ్చింది. ముందురోజు ఇద్దరూ గొడవపడ్డారు. ఇంట్లో అన్నం తింటున్నవాణ్ని పోలీసులు పట్టుకొచ్చారు. ఇప్పుడతను లాకప్‌లో ఉన్నాడు. సాయంత్రానికి వేరే ఆధారం దొరక్కపోతే రిమాండే. అతని కూతురు చాందీ స్టేషన్ మెట్ల మీంచి కదలడం లేదు.

సులువైన కేసులంటే మేఘనకు ఒళ్లుమంట. తగలబెట్టినవాడు డబ్బా అక్కడే వదిలి, ఇంటికెళ్లి తీరిగ్గా అన్నం తింటాడా?

ఆమె భూపాలపల్లికి బయల్దేరింది. కౌసల్య మరిది రఘునాథ్ అక్కడ ఎరువుల డీలర్. రోడ్డు పక్కనున్న ఆ చేను తనకు అమ్మమని ఎప్పట్నుంచో వదిన వెంటపడుతున్నాడు.

"నిన్న పదకొండింటికి ఎక్కడున్నారు?"

"ఈ గదిలనే మేడం. పది నుంచి పన్నెండు దాక డీలర్ల ఆన్‌లైన్ మీటింగ్. మా గుమస్తాను అడుగున్రి."

గుమస్తా రాజమల్లు మేడమీది ఆ గది తలుపు బయటే కూర్చుంటాడు.

"అవ్ మేడం. సార్ గొంతు మీటింగ్ అయ్యేదాక ఇనవడ్డది. నిన్న జర ఎక్కువనే గట్టిగ."

"లోపలికెళ్లి చూశావా?"

"తలుపు తీస్తె సార్ కోపం చేస్తడు."

మేఘన ల్యాప్‌టాప్ చూపించమంది. రఘునాథ్ మూత తెరిచాడు. ఆమె కళ్లు పై వరుస బటన్ల మీద ఆగాయి. ఎఫ్ ఫోర్ మీద గీత కొట్టిన మైకు బొమ్మ. దాని మీద చిన్న ఎర్రదీపం.

"మధ్యలో మైక్ ఆపారా?"

"లేదు. ఆఖరుకు నమస్తే గూడ చెప్పిన."

"తర్వాత?"

"మూత వెట్టి కిందికి వోయిన. మల్ల ఇప్పుడే తీసుడు."

సాయంత్రం మేఘన పిలిపిస్తే ఆ గది బయట అందరూ నిలబడ్డారు. కౌసల్య, రఘునాథ్, రాజమల్లు, బేడీలతో భద్రు, పక్కన చాందీ. మేఘన ఒక్కతే లోపలికెళ్లి తలుపేసుకుంది.

కాసేపటికి ఆమె గొంతు వినిపించింది. "రాజమల్లూ, నేనెక్కడున్నాను?"

"లోపల్నే గద మేడం!"

మేఘన వీధి వైపు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోన్. రాజమల్లు నోరు తెరిచాడు.

"గదికి వెనకున్న తలుపు తీసి, అటు మెట్లు దిగి వెళ్లాను. మీటింగ్‌లో ల్యాప్‌టాప్‌ను, ఫోన్‌ను వేర్వేరుగా చేర్చాను. ఫోన్లో మాట్లాడితే గొంతు గదిలో స్పీకర్‌లోంచి వచ్చింది. నిన్న నువ్వు విన్నదీ అదే. గదిలో చప్పుడు మీటింగ్‌లోకి పోకుండా ఈయన ల్యాప్‌టాప్ మైక్ ఆపాడు. తిరిగొచ్చాక ఆ సంగతి మరిచాడు. ఎఫ్ ఫోర్ మీద ఎర్రదీపం వెలుగుతుంటే ల్యాప్‌టాప్‌లోకి ఎవరి మాటా పోదు. మరి రఘునాథ్ గారూ, నమస్తే ఎక్కణ్నుంచి చెప్పారు?"

"చెయ్యి తలిగిందేమో," అన్నాడు రఘునాథ్.

మేఘన గదిలోకి నడిచి ఎఫ్ ఫోర్ ఒక్కటే నొక్కింది. దీపం అలాగే ఉంది. కింద మూలనున్న ఎఫ్ఎన్ బటన్ పట్టుకుని, మళ్లీ ఎఫ్ ఫోర్ నొక్కింది. దీపం ఆరింది.

"రెండూ కలిపి నొక్కాలి. చెయ్యి తగిలితే పడేది కాదు. మీ ఫోన్ నిన్న ఏ టవర్ కింద ఉందో రిపోర్టు వస్తోంది. ముందే చెప్తారా?"

రఘునాథ్ కుర్చీలో కూలబడ్డాడు. "పంట వోతెనన్న చేను అమ్ముతదనుకున్న."

కౌసల్య అతన్ని చూడనైనా చూడలేదు. సిగ్గుతో ఆమెకు చచ్చిపోయినంత పనైంది. కానిస్టేబుల్ బేడీలు తీస్తుంటే భద్రు దగ్గరికొచ్చింది.

"తప్పయింది భద్రూ. రేపు పనికి రా."

భద్రు తలూపబోయాడు. చాందీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"గట్ల కాదక్కా. నిన్న మా తండల అందరి ముంగట నాయినను నిప్పు వెట్టినోడన్నవ్. గీడ తప్పయిందంటె ఎట్ల? గా తండకొచ్చి చెప్పు."

కౌసల్య అందరికంటే ముందు మెట్లు దిగింది. రోడ్డు మీద ఆటో ఆపి, తండా పేరు చెప్పి, వాళ్లిద్దరి కోసం పక్కకు జరిగి కూర్చుంది.