పది చక్రాల ఇంటికి వాస్తు

సుభానీ గ్రీజు పూసి గోనెపట్టా మీద పేర్చుకున్న ఇంజను సామాన్లన్నిటికీ తెల్లగడ్డాలు మొలిచాయి.

టీ తాగి వచ్చేలోపు జరిగిన ఘోరం అది. వంగి చూస్తే దూది. పిస్టన్ల మీద దూది, బేరింగుల్లో దూది, వాల్వుల చుట్టూ దూది. షెడ్డు ముందు ఒక పెద్దాయన విల్లు పట్టుకుని టంగుటంగుమని దూది ఏకుతుంటే, పక్కన ఒక అమ్మాయి కూర్చుని పరుపు గుడ్డ కత్తిరిస్తోంది.

"ఎవరయ్యా మీరు? దూది ఏకడానికి మాచర్ల మొత్తం మీద నా షెడ్డే దొరికిందా?"

"నీ షెడ్డులోకి మేం రాలా. దూది వచ్చింది. దాన్నే అడుగు," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండా.

"ఇప్పుడు నేను ఇంజను బిగించుకోవాలా, దూది ఏరుకోవాలా?"

"ఏదో ఒకటి చెయ్యి. వచ్చిన కాడ్నుంచి చూస్తన్నాం, టీ తాగడం తప్ప ఏం చేసినట్టు లేదు."

అప్పుడు తల ఎత్తింది. సుభానీ చేతిలో స్పానరు జారి బొటనవేలి మీద పడింది. ఇలాంటి చోట ప్రేమ పుట్టిందని రాయడం ఆనవాయితీ గానీ, నిజానికి ముందు పుట్టింది నొప్పి. ప్రేమ కాసేపాగి, వేలు వాచిన తర్వాత తీరిగ్గా పుట్టింది.

అమ్మాయి పేరు రషీదా. పెద్దాయన ఆమె తండ్రి అబ్దుల్ హమీద్, పరుపులు కుట్టడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి. వాళ్ళు అక్కడికి వచ్చింది షెడ్డులో ఉన్న లారీ కోసం.

ఆ లారీ యుద్ధంలో మిలిటరీ వాళ్ళని మోసింది. తర్వాత సాగర్ ఆనకట్టకి రాళ్ళు మోసింది. మోసీ మోసీ మూలనపడితే, గురజాల మిరపకాయల వ్యాపారి మల్లికార్జునరావు వేలంలో కొన్నాడు. ఇక మీదట అది మల్లికార్జునరావుని మోయాలి. ఆయన భార్య సీతారావమ్మకి దేశం చూడాలని కోరిక. ఆయనకేమో బయటి నీళ్ళు పడవు, హోటలు కూడు పడదు, పరాయి మంచం మీద కన్ను మూతపడదు. ఏళ్ళ తరబడి "చూద్దాంలే" అని దాటవేసి, చివరికి ఇంటిని కూడా వెంట తీసుకెళ్ళడం ఒక్కటే మార్గమని తేల్చాడు. లారీ మీద చెక్కతో ఇల్లు కట్టి, అందులో వంటిల్లు, పడక, దేవుడి మందిరం అమర్చమని సుభానీకి అప్పజెప్పాడు.

ఇల్లన్నాక వాస్తు ఉండాలి. సిద్ధాంతి హనుమయ్య గురజాల నుంచి దిగాడు. పెట్రోలు వాసనకి ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, షెడ్డు నాలుగు గోడల మీదా సుద్దముక్కతో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని పెద్దపెద్ద అక్షరాలు రాశాడు.

"పొయ్యి ఆగ్నేయం. దేవుడు ఈశాన్యం. పడక నైరుతి, తల దక్షిణానికి. అంగుళం తేడా వచ్చినా నా పూచీ లేదు."

"స్టీరింగు ఎక్కడ పెట్టమంటారు స్వామీ?" అని అడిగాడు సుభానీ.

"అది ఉన్నచోటే ఉండనీ," అని సిద్ధాంతి పెద్దమనసుతో అనుమతించి వెళ్ళిపోయాడు.

ఆ రోజు లారీ మూతి తూర్పున గుమ్మం వైపు ఉంది. వెనక భాగం షెడ్డు లోపల, చీకట్లో ఉంది. ఈ సంగతి పాఠకులు కొంచెం గుర్తుపెట్టుకుంటే మంచిది. కథలో వాళ్ళెవరూ గుర్తుపెట్టుకోలేదు.

చెక్క గోడలు, రేకు కప్పు లేచాక రషీదా పరుపు కొలత తీసుకోవడానికి లారీ ఎక్కింది. చక్రాల మీద ఉబ్బెత్తులు తప్పించుకుంటూ కుట్టాలి కాబట్టి పరుపు అక్కడే కూర్చుని కుట్టాలట. లోపలికి వెళ్ళిన మనిషి వెంటనే బయటికి తల పెట్టింది.

"ఇదేంది, ఇల్లా, కొండగుహా? ఈ చీకట్లో సూదికి దారం ఎట్టా ఎక్కిచ్చేది? లారీని అటు తిప్పు. వెనక భాగం గుమ్మం కాడికి వస్తే ఎండ పడిద్ది."

"పది చక్రాల బండి తిప్పడం అంటే పరుపు తిరగేసినట్టు అనుకున్నావా? ఇంజను గోనెపట్టా మీదుంది!"

"తిప్పలేనని చెప్పు, పోయిద్ది."

మగవాడితో అనకూడని మాట అది. సుభానీ స్టేషను హమాలీలందరికీ టీలు, మసాలా వడలు తినిపించి, పూటంతా లారీని తోయించాడు. షెడ్డు గుమ్మం అంచు కొంత రాలింది. హమాలీలు సుభానీ వంశంలో అందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. సాయంత్రానికి లారీ మూతి పడమర గోడకి ఆనింది, వెనక భాగం గుమ్మంలోకి వచ్చింది.

లారీ తిరిగింది గానీ గోడల మీద సుద్దరాతలు తిరగలేదు. మర్నాటి నుంచి సుభానీ ఆ రాతలే చూసుకుంటూ పొయ్యి, మందిరం, పడక బిగించడం మొదలుపెట్టాడు. అతనికి అనుమానం రాకపోవడంలో వింత లేదు. రషీదా పళ్ళతో దారం కొరికినప్పుడల్లా అతను మేకు బదులు వేలు కొట్టుకుంటున్నాడు. అలాంటివాడికి దిక్కులు తెలుస్తాయా?

"రేయ్ సుభానీ, ఆ మేకు కాడ ఏం చూస్తన్నావ్?" అనేవాడు అబ్దుల్ హమీద్.

"మేకే చూస్తన్నా మామా."

"మేకు ఇటు లేదు. అటుంది."

ఒకరోజు వాన దంచి కొట్టింది. అబ్దుల్ హమీద్ తడవకుండా దూదిమూటతో సహా లారీ ఎక్కి, సరిగ్గా రషీదాకీ సుభానీకీ మధ్య కూర్చున్నాడు. కప్పు రేకు మీద వాన డప్పు వాయిస్తోంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. సుభానీ గర్వంగా కప్పు వంక చూశాడు, ఆ తర్వాత మూట మీదుగా రషీదా వంక చూశాడు. ఆమె కూడా కప్పు వంకే చూస్తున్నట్టు నటిస్తోంది.

"క్రోసూరు నుంచి కబురొచ్చింది. నవారు కొట్టు వాళ్ళు. మా పిల్లని అడుగుతన్నారు," అన్నాడు అబ్దుల్ హమీద్.

వాన చప్పుడు ఒక్కసారిగా సుభానీకి వినపడటం మానేసింది.

"మంచోళ్ళా?" అని అడిగాడు రషీదాని.

"నవారు గట్టిగా నేస్తారంట."

"నేనడిగింది అది కాదు."

"నాకు తెలిసింది అంతే."

సుభానీ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "మామా, నేనైతే?" అన్నాడు.

అబ్దుల్ హమీద్ కోప్పడలేదు. నవ్వాడు. అది ఇంకా దారుణం.

"నువ్వా? ఇప్పటిదాకా ఏ పని పూర్తి చేశావురా? ఊళ్ళో సగం పంపుసెట్లు నీ షెడ్డులో నోళ్ళు తెరుచుకుని పడున్నయ్. సరే, మాటిస్తన్నా. ఈ లారీ ఇల్లు పూర్తిచెయ్యి. మల్లికార్జునరావు గారు కాదనకుండా పుచ్చుకోవాల. అప్పుడు పిల్ల సంగతి మాట్లాడదాం. లేకపోతే క్రోసూరే."

రషీదా అవునని అనలేదు, కాదని అనలేదు. దారం ముడి వేసుకుంటూ కూర్చుంది. ఆమె మనసులో ఏముందో తెలియక సుభానీ నానా అవస్థ పడ్డాడు. పడుతూనే పని చేశాడు. తెరిచిన ప్రతి నట్టూ మళ్ళీ బిగించాడు. షెడ్డులో ఉన్న పంపుసెట్లు కూడా ఆశగా అతని వంక చూడటం మొదలుపెట్టాయి.

అబ్దుల్ హమీద్‌నీ రషీదానీ ఎక్కించుకుని లారీ గురజాల బయలుదేరిన రోజు దారి పొడవునా జనం పొలాల్లోంచి లేచి చూశారు. మల్లికార్జునరావు ఇంటి ముందు మామిడి తోరణాలు కట్టారు. ముహూర్తానికి బండి తూర్పు ముఖంగా నిలబడాలని సిద్ధాంతి అంటే, సుభానీ అలాగే నిలిపాడు. సీతారావమ్మ అందరికన్నా ముందు ఎక్కి పరుపు మీద కూర్చుంది. కిటికీ తెర తీసి చూసింది, వేసి చూసింది, చిన్నపిల్లలా నవ్వింది.

తర్వాత హనుమయ్య దిక్సూచి పట్టుకుని లోపలికెళ్ళాడు. ఎక్కినంత నెమ్మదిగా దిగలేదు, దూకాడు.

"అపచారం! పడక ఈశాన్యంలో ఉంది! దేవుడు నైరుతిలో ఉన్నాడు! పొయ్యి వాయవ్యంలో ఉంది! అన్నిటికీ మించి, ఉత్తరానికి తల పెట్టి పడుకోవాలట!"

మల్లికార్జునరావు ముఖం ఆయన అమ్మే సరుకు రంగుకి తిరిగింది. "ఏందయ్యా ఇది? మొత్తం పీకు! నాకొద్దీ బండి!"

సుభానీకి అప్పుడు వెలిగింది. గోడలు, సుద్దరాతలు, హమాలీలు, మసాలా వడలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"షెడ్డులో బండి తూర్పు ముఖంగానే ఉంది గదా! ఎవరు తిప్పారు? ఎందుకు తిప్పారు?" అని నిలదీశాడు హనుమయ్య.

సుభానీ రషీదా వంక చూడబోయి ఆగాడు. "నేనే తిప్పా. ఊరికే తిప్పా. బుద్ధి గడ్డి తిని తిప్పా," అన్నాడు.

అబ్దుల్ హమీద్ నిట్టూర్చి విల్లు భుజానికెత్తుకున్నాడు. "పదమ్మా. క్రోసూరికి కబురు చేద్దాం. ఈడి చేత ఏ పనీ కాదని నాకు తెలుసు."

రషీదా కదలలేదు.

"నేను తిప్పమన్నా," అంది.

అబ్దుల్ హమీద్ వెనక్కి తిరిగాడు.

"నువ్వు తిప్పమంటే ఈడెందుకు తిప్పాడే?" అన్నాడు తండ్రి అమాయకంగా.

"నేను చెప్పానని తిప్పాడు. ఇంజను లేకపోయినా తిప్పాడు. ఇప్పుడు నా పేరు బయటికి రాకుండా తిట్లన్నీ తనే తింటన్నాడు." రషీదా తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ క్రోసూరాయన నేనడిగితే నులకమంచమన్నా తిప్పుతాడో లేదో నాకు తెలవదు. నాకీయన కావాల నాయనా. ఇంకెవరూ వద్దు."

జీవితం మొత్తం తలకిందులవుతున్న సమయంలో ఇంత సంతోషంగా ఉండటం మర్యాదేనా అని సుభానీ ఒక్క క్షణం అనుకున్నాడు. మర్యాద కాదని తేలింది. అయినా పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు.

అప్పుడు లారీ కిటికీలోంచి సీతారావమ్మ తల బయటికి పెట్టింది.

"ఏమండీ, బండిని పడమటికి తిప్పి ఆపితే పొయ్యి ఆగ్నేయంలోకి రాదా?"

హనుమయ్య వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. "వస్తది గానీ... ప్రయాణంలో రోడ్డు ఎటుపోతే దిక్కు అటు మారిపోయిద్ది గదమ్మా!"

"నడిచేటప్పుడు అది బండి. ఆగితే ఇల్లు. బండికి వాస్తు ఎవరు చూశారు? రాత్రికి ఎక్కడ ఆగినా మూతి పడమటికి పెట్టి ఆపితే సరి. ఏమండీ, ఇన్నేళ్ళు మీ వాస్తు ఇంట్లో ఉన్నా. మాచర్ల రైలన్నా ఎక్కలా. ఇప్పుడు ఎక్కా, దిగను. పీకేదుంటే నాతో సహా పీకండి." కిటికీ తెర వేసేసుకుంది.

మల్లికార్జునరావు కిటికీ దాకా వెళ్ళి తెర వంక చూశాడు. ఆమె అలా మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. మెల్లగా, "తిప్పవయ్యా," అన్నాడు.

ఆ ఇరుకు వీధిలో సుభానీ లారీ తిప్పాడు. వెనక రషీదా నిలబడి, "రానీ, రానీ, ఇంకా రానీ, ఆపు! నీ కళ్ళు నా మీద కాదు, అరుగు మీద పెట్టు!" అని కేకలేసింది. ఒక అరుగు పోయింది. దాని యజమాని కూడా నవ్వుతూనే తిట్టాడు. లారీ మూతి పడమటికి తిరగగానే హనుమయ్య దిక్సూచి చూసి, ఇక చెప్పేదేం లేక కొబ్బరికాయ కొట్టాడు.

మల్లికార్జునరావు లోపలికెళ్ళి పరుపు మీద నడుం వాల్చాడు. అందరూ కిటికీ చుట్టూ మూగారు. ఎంతకీ మాట రాలేదు. కాసేపటికి గురక వచ్చింది.

"బాగుందని అనలేదే," అన్నాడు అబ్దుల్ హమీద్ సందేహంగా.

"నిద్రపోయాడు మామా! పరాయి మంచం మీద నిద్రపట్టని మనిషి!" అన్నాడు సుభానీ.

అబ్దుల్ హమీద్ విల్లు భుజం మీంచి దించాడు. కూతురి ముఖంలోకి చూశాడు. "ఇంటికి పోయి మంచి దూది బయటికి తీస్తా," అన్నాడు. "పెళ్ళిపరుపు నేనే కుడతా. నువ్వు సూది ముట్టుకోబాకమ్మా."

వీధి అంతటి ముందూ తొణకని రషీదాకి ఆ మాటకి కళ్ళనీళ్ళు ఆగలేదు. సుభానీ కంగారుపడి జేబులో గుడ్డ తీసి ఆమె చెంపలు తుడిచాడు. అది ఇంజను తుడిచే గుడ్డ. రెండు చెంపలూ నల్లబడ్డాయి.

"ఏమైంది? ఎందుకందరూ నవ్వుతన్నారు?" అంది రషీదా.

"ఏం లేదు. చానా బాగున్నావ్," అన్నాడు సుభానీ, మనస్ఫూర్తిగా.