శ్రీధర్ నంబరు మీద పచ్చచుక్క

రెండువేల ఇరవై ఒకటి, తొలకరి వానలు. కరోనా రెండోసారి వచ్చి ఊర్లను ఊడ్చి పోయిన రోజులు. సిరిసిల్ల శివారుల మూతబడ్డ సాంచాల షెడ్డు, బట్ట నేసే మరమగ్గాలది, ఒకటుండె. పొద్దుగూకినంక గటు దిక్కు ఎవ్వరూ పోకపోదురు. ముందటి తలుపుకు తాళం, నడిపే మనిషి లేడు... అయినా రాత్రయితే లోపట ఒక సాంచ ధడధడ కొట్టుకుంటుండె.

గా సంగతి కోరుట్లల ఉన్న మొహసిన్‌కు తెల్వదు. హైదరాబాద్ కంపెనీ కొలువు, ఇంట్ల కూసొనే చేస్తుండు. ఎక్కడెక్కడి ఇండ్లల్లకెళ్లో వీపీఎన్ దారిల ఆఫీసు కంప్యూటర్ల లోపటికి వచ్చేటోళ్లకు తలా ఒక నంబరు ఇచ్చుడు అతని పని. ఒకని నంబరు మీద ఇంకొకడు చొరబడ్డడంటే మొహసిన్ కొలువు ఊడినట్టే.

ఓ రాత్రి ఎల్లేశం ఫోన్ చేసిండు. అదే కంపెనీల చేస్తడు, అప్పుడే సొంతూరు సిరిసిల్లకు వచ్చిండు.

"మొహసిన్ భాయ్... మన ఆఫీసు శ్రీధర్, మా ఊరోడే, కరోనాల పోయిండట. నెల కావస్తుందట. ఆఫీసుకు ఎవ్వలు చెప్పలే."

"మజాక్ చేస్తున్నవా? గిప్పుడు డ్యూటీల ఉన్నడు!"

తెర మీద, శ్రీధర్ నంబరు పక్కన... పచ్చచుక్క వెలుగుతున్నది.

ఎల్లేశం గొంతు సన్నవడ్డది. "వాళ్ల షెడ్డుల దెయ్యం సాంచ నడుపుతున్నదంటున్నరు. గటు పోకు భాయ్."

తల్లి రాబియా బీ వద్దన్నా మొహసిన్ వినలే. వానల్నే బండి తీసిండు.

షెడ్డు దగ్గరికి పోయేసరికి— ధడ్... ధడ్... ధడ్...

కిటికీ సందుల కన్ను పెట్టిండు. సాంచ ఆడుతున్నది. దాని మీద పోగు లేదు, బట్ట లేదు. అవతల నీలి వెలుగుల ఎవరో అటు తిరిగి కూసున్నరు. ఒంటి మీద శ్రీధర్ గళ్ల అంగి... ఆఫీసు వీడియో కాల్‌ల ఎన్నిసార్లు చూసిండో.

"శ్రీధర్...?"

సాంచ ఆగింది. అంగి మెల్లగ ఇటు మళ్లింది.

ఆడపిల్ల.

"మొహసిన్ భాయ్ కదా? నేను శ్రీధర్ చెల్లెను, అక్షితను. అన్న జరంల పండుకున్నప్పుడు ఆయన పని నాకు నేర్పిండు. గిప్పుడు ఆయన నంబరు మీద నేనే చేస్తున్న."

సాంచ వెనకనుంచి వాళ్ల తల్లి మొగిలవ్వ లేచింది. "బిడ్డ అన్న లెక్క గొంతు మార్చి ఆఫీసోళ్లతోని మాట్లాడేది బయటికి వినవడొద్దని, వెనక తలుపుకెళ్లి వచ్చి ఉత్త సాంచ నడుపుతున్న కొడుకా. ఊరు భయపడే దెయ్యాన్ని నేనే." నవ్వబోయి, నవ్వలేకపోయింది. "గీ పని గూడ పోతే సాంచాల కూలికి మాకు భివండి బస్సే దిక్కు."



"మా ఇండ్లల్ల మనిషి పోతే నలభయ్యో దినం చాలీస్వా చేస్తం" అన్నడు మొహసిన్. "గప్పటిదాకా గీ నంబరు నేను ముట్ట. గా లోపల నీ పేరు మీద కొలువు అడుగుత."

అడిగిండు గూడ. అడిగిన తెల్లారే కంపెనీ పెద్దసారు కూపీ లాగిండు. చాలీస్వా ఇంకా కాలే... శ్రీధర్ నంబరు వేరేటోళ్లకు ఇచ్చేసిండ్రు.

తల్లీబిడ్డలు భివండి బస్సెక్కిండ్రు. మొహసిన్ కొలువు పోయింది.