కారుకు గట్టయ్య కాపలా

గోదావరిఖనిల మూతవడ్డ బాయి ఒకటున్నది. దాని ముందట పాత ల్యాంపు రూము... బొగ్గుబాయిల దిగేటోళ్లు దీపాలు తీస్కపోయిన అర్ర. పొద్దుమీకినంక ఆ తొవ్వ ఎవ్వలు నడువరు. గట్టయ్య దయ్యమై తిరుగుతడని పేరు.

గట్టయ్య అంటె మా తమ్ముడే.

గా పుకారు లేపింది ఎవడనుకున్నరు? రఘుపతి! తమ్మునితోని ఇరవయ్యేండ్లు జోడీల పనిచేసినోడు. బాయిల పైకప్పు కూలిననాడు తమ్ముడు దాని కిందవడి సచ్చిండు, ఈడు ఇడిసిపెట్టి ఉరికిండు. ఉరుకుడు తప్పంటలేను, పానం ఎవ్వలికైన తీపే. కని తర్వాత చేసిన పని సూడుండ్రి.

ఈని మొదటి కారును క్వార్టరు ముందట నిలిపితె, తెల్లారెవరకు నాలుగు చక్రాలు ఊడదీస్కపోయిండ్రు. ఇటుకల మీద నిలవెట్టి పోయిండ్రు! రెండోది కొన్నడు. ఇది గూడ పోతదని ఒకటే ఫికర్. స్టీరింగుకు లాకెయ్యి, లైటు కింద నిలుపు, కెమెరా వెట్టు... అందరు చెప్పిండ్రు. ఇంటడా? శానా తెలివిగలోడాయె!

క్యాంటీన్ల చాయ్ తాక్కుంట గుసగుస వెట్టిండు. "అన్నా... ల్యాంపు రూము కాడ రాత్రి సప్పుడైతుంది. గట్టయ్య సలాకతోని పైకప్పు కొట్టి సూస్తుండు... ఠక్... ఠక్..."

బాయిల అడుగు వెట్టేముందు సలాకతోని కప్పు కొట్టి, సప్పుడు ఇంటరు, గట్టిగున్నదా కూలుతదా అని. ఆ సప్పుడు సచ్చినోడు చేస్తుండంటె ఇగ ఎవడు పోతడు? దొంగలు గూడ అటు పోవుడు బందువెట్టిండ్రు.

ఈడు కారు ఆడ నిలిపి, తాళం గూడ ఎయ్యకపోతుండె. సచ్చినోన్ని కుక్కలెక్క కాపలా కట్టేసిండు... మూడు నెలలు.

ఒకనాడు రెండో షిఫ్టు దిగి, కారు నిలిపి ఇంటికి వోయిండు. ఫోను కార్లనే మర్శిండు. ఒంటిగంట రాత్రి మళ్ల వచ్చిండు. దయ్యం లేదని ఈనికంటె ఎరుకైనోడెవడు? ఈలేసుకుంట వచ్చిండు.

ఠక్...

ఈల ఆగింది.

ఠక్... ఠక్... కారు మీదనే!

దేవుడా, దొంగోడైతె బాగుండు — అని మొక్కిండట! దొంగల కోసం గిన్ని ఏషాలేసిన మొగోడు! చక్రాలు వీక్కపోనీ, కారే తోల్కపోనీ... దొంగోడైతె సాలు!

రెండు చేతులు జోడిచ్చిండు. "గట్టన్నా... నేనే... నీ జోడీని. తప్పైందే..."

కొట్టుడు ఆగింది. కారెనుకకెల్లి ఒక ఆకారం లేశింది... చేతుల సలాక.

"ఎవరు... రఘుపతా?"

ఆడమనిషి గొంతు. మా మరదలు సారక్క. గట్టయ్య పెండ్లాం.

ఈనికి పానం లేశొచ్చింది. పానమొచ్చుడుతోనే మొగతనం గూడ వచ్చింది. "ఏంది వదినె గిది! సొట్టలు వడవా? కొత్త కారు!"

ఆమె కారు దిక్కు సూడలె. "ఆయన ఈడికస్తుండని నువ్వే చెప్పినవట గద. అప్పటిసంది దినాం అస్తున్న. అందరు పండినంక... ఈడనే కూసుంటున్న. ఒక్కనాడు గూడ అవుపడలె. నేను గిట్ల కొడ్తెనన్న ఇంటడేమో అని..."

ఇంకింత దగ్గరికొచ్చింది. మెల్లగ అడిగింది.

"ఏ యాళ్లకొస్తడు రఘుపతీ? నువ్వైతె సూసినవ్ గద... జెర చెప్పరాదు."