హన్విత గారి ఆరేళ్లు

2091లో విశాఖపట్నంలో ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లెవరూ చేతిలో కాగితం పట్టుకెళ్లడం లేదు. నుదుటికి ఒక పట్టీ కట్టుకుంటే చాలు, ఆ మనిషికి ఏ పని తెలుసో, ఎన్నేళ్లు చేస్తే తెలిసిందో ఎదురుగా ఉన్న తెరమీద వరసగా పడుతుంది. దాన్ని ఇప్పటికీ సీవీ అనే అంటున్నారు. పైడితల్లి పట్టీ కట్టుకున్న ప్రతిసారీ తెరమీద బీకామ్ చదువు ఒక్కటే కనిపించి, కింద అంతా తెల్లగా ఉండేది.

ఆమెకు మార్కులు తక్కువ కాదు. ఫైనాన్స్ కంపెనీల్లో అట్టడుగు ఉద్యోగాలకే పంతొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్లింది. అందరూ మర్యాదగా మాట్లాడి, అనుభవం సంపాదించుకుని రమ్మన్నారు. ఎక్కడ సంపాదించాలో ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్లు తప్పులు చేస్తూ నేర్చుకునే చిన్నాచితకా పనులన్నీ ఎప్పుడో యంత్రాల పాలయ్యాయి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే పని మాత్రం మనుషులకు మిగిలింది. దానికి ఆరితేరినవాళ్లే కావాలి. పొద్దున్నే బీచి రోడ్డు ట్రాములో వెళ్తూ, ఆఫీసు అద్దాల వెనక బల్లల ముందు కూర్చున్నవాళ్లను చూసినప్పుడల్లా పైడితల్లి ట్రాము మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూసేది.

అందుకే డాక్టర్ ఇర్ఫానా దగ్గరికి వెళ్లింది. ఇర్ఫానా కనిపెట్టిన పద్ధతి పేరు అనుభవపు అంటు. మామిడి మొక్కకు అంటు కట్టినట్టే ఇదీను. రిటైరైనవాళ్ల మెదడులో వృత్తి నైపుణ్యం దాగిన న్యూరాన్ల అల్లికను స్కానర్ చదువుతుంది. సన్నటి విద్యుత్ స్పందనలతో అదే అల్లికను కొత్త మెదడులో పెంచుతారు. తీసుకునేది నకలే కాబట్టి ఇచ్చినవాళ్లకు ఏమీ తగ్గదు. ముఖాలు, పేర్లు, సొంత సంగతులు వడపోతలో పోతాయి.

"పని వస్తుంది, మనుషులు రారు. భయపడకు" అంది ఇర్ఫానా.

హన్విత అనే ఒకావిడ రుణ పరిశీలకురాలిగా చేసిన ఆరేళ్ల పనిని పైడితల్లికి అంటు కట్టారు. పక్షం రోజులకు ఇరవయ్యో ఇంటర్వ్యూకు వెళ్తే తెరమీద ఆరు పచ్చటి గీతలు పడ్డాయి. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. తనకంటూ ఒక బల్ల వచ్చింది. పచ్చళ్ల కొట్టు పెట్టుకుంటానని వచ్చిన మనిషి ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో, ఎందుకు తడబడ్డాడో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. ఆమె సరేనన్నవాళ్లు మాట తప్పేవారు కారు.

కానీ మొదటి వారంలోనే ఒక సంగతి గమనించింది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె చూపు దానంతటదే తలుపు మీదికి పోయేది. ఎవరో రావాలి. ఎవరో తెలీదు, ముఖం లేదు, పేరు లేదు. నాలుగున్నర దాటితే, ఇక ఈ పూటకు రారని చూపు మళ్లీ బల్ల మీదికి దించుకునేది.

ఇర్ఫానా మళ్లీ స్కాన్ తీసి చాలాసేపు చూసింది. ఎదురుచూపునూ పనితనాన్నీ విడదీయలేనని ఒప్పుకుంది. హన్విత గారు ఎవరికోసమో చూస్తూ కూర్చున్నారు కాబట్టే తలుపు తీసుకుని వచ్చిన ప్రతి మనిషినీ అంత శ్రద్ధగా చూశారని చెప్పింది. ఆ ఆరేళ్లనే ఇంకా నాలుగొందల పన్నెండు మంది పట్టభద్రులకు అంటు కట్టామని కూడా చెప్పింది.

పైడితల్లి అడగ్గా అడగ్గా ఇర్ఫానా హన్విత గారి అనుమతి తీసుకుని ఆవిడ చిరునామా ఇచ్చింది. పెదవాల్తేరులో మూడో అంతస్తు. హన్విత గారికి డెబ్బై ఆరేళ్లు. వచ్చిన సంగతి విని కుర్చీ చూపించారు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. తనతోపాటు పనిచేసిన ఒకతను రోజూ ఊరంతా తిరిగి నాలుగింటికి ఫైళ్లతో వచ్చి, ఎదురుగా ఓ పావుగంట కూర్చునేవాడట. ఒక శుక్రవారం రాలేదు. బదిలీ అయిందని సోమవారం తెలిసింది. ఏ ఊరని ఆవిడ ఎవర్నీ అడగలేదు. పైడితల్లి తెచ్చుకున్న ఆరేళ్లూ అతను వెళ్లిపోయాక గడిచినవే.

"పేరు చెప్పమంటావా?" అని అడిగారావిడ.

పైడితల్లి ఆలోచించి, వద్దంది. "మీరింకా చూస్తున్నారా మామ్మగారూ?"

"చూస్తన్నానమ్మా. అలిసిపోనాను."

ఏడాది తిరిగేసరికి ఇర్ఫానా రెండింటినీ విడదీసే మార్గం కనిపెట్టింది. పనితనం చెక్కుచెదరదు, ఎదురుచూపు మాత్రం పోతుంది. ఉచితంగా తీసేస్తామని నాలుగొందల పదమూడు మందికీ కబురు పంపి, నెలరోజులు గడువు పెట్టింది. గడువు దగ్గరపడుతున్నా ఒక్కరూ రాలేదు. కారణం తెలియక ఆమె పైడితల్లికి ఫోన్ చేసింది.

"అది తీసేస్తే నాకు ఎదురుచూడ్డానికి ఎవరూ ఉండరు మేడమ్" అంది పైడితల్లి.

గడువు ఆఖరి రోజున ఒకే ఒక్క మనిషి వచ్చారు. హన్విత గారు. తన అసలు జ్ఞాపకాన్ని, అతని ముఖంతో, పేరుతో సహా తీసేయమన్నారు. ఆవిడకు తోడుగా పైడితల్లి సెలవు పెట్టి వచ్చింది. ఆవిడ లోపలికి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది. ఆపలేదు.

గంటన్నర తర్వాత హన్విత గారు తనంతట తనే నడుచుకుంటూ బయటికొచ్చారు. ముఖం తేటగా ఉంది. బెంచీ మీద ఉన్న పైడితల్లిని గుర్తుపట్టారు.

"నువ్వు మా ఇంటికొచ్చినావు కదమ్మా. దేనికొచ్చినావో ఎంత ఆలోచించినా తట్టట్లేదు."

ఊరికే చూసిపోదామని వచ్చానని పైడితల్లి చెప్పింది. ఆ మాట అంటూండగానే ఆమె చూపు తలుపు వైపు పోయింది. హన్విత గారు కూడా అటు తిరిగి చూశారు. అక్కడెవరూ లేరు.

"ఎవరికోసమన్నా చూస్తన్నావేటి తల్లీ?"

"అవునండి" అంది పైడితల్లి. "ఇంకా రాలేదు."

హన్విత గారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నారు.

"నాకూ పనేటీ లేదు. వచ్చీదాకా కూచుంటాలే" అన్నారు.