వరుసలో వెనకబడిన ప్రాణం

మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో అక్షరాలు నేర్చాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. నేను మెల్లగా రాశాను. మీరు త్వరగా చదవండి, ఈ కథలో టైం తక్కువ.

1999 ఏప్రిల్. మధ్యాహ్నం మూడున్నర. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ ఓంకార్ లిఫ్టు దిగాడు.

గూఢచారి శాఖ చీఫ్ బ్రీఫింగ్ చిన్నది. సరిహద్దు అవతల మన గూఢచారి వినయ్ గుట్టు బయటపడింది. ఏ రేవులో దాక్కున్నాడో కోడ్‌లో పంపాడు. దాన్ని విప్పే ప్రోగ్రాం ఇక్కడి సర్వర్‌లో ఉంది. రోజూ పది నిమిషాల్లో అయ్యే పని ఇవాళ మూడు గంటలైనా కాలేదు. నాలుగు దాటితే సముద్రం పోటు తగ్గి, అతన్ని తెచ్చే పడవ కదలదు. పడవ వెళ్లకపోతే వినయ్ దక్కడు.

"కూలింగ్ పోయిందా మేడం?"

"పోలేదు, అలిగింది."

కోడ్ మాట సరిపోయింది. చెప్పింది తేజస్విని, ఆ ఆఫీసులో మన శాఖ పెట్టిన ఏజెంట్. నల్ల షిఫాన్ చీర, చీరను మించిన నవ్వు. ఆ నవ్వు చూస్తే గార్డులు ఐడీ కార్డు అడగడం మరిచిపోయేవారు. ఎండకు మెషీన్ నెమ్మదించిందని, ఓపిక పట్టమని ఆమె చెప్పింది.

సర్వర్ రూంలో చలికి ఓంకార్‌కు వణుకు పుట్టింది. ఎండ మాట అబద్ధం.

ఆపరేటర్ ఐలయ్య స్క్రీన్ చూపించాడు. డైరెక్టర్ రంగనాథ్ పేరుతో ఒక రిపోర్టు ఫస్ట్ ప్రయారిటీలో నడుస్తూ సర్వర్ శక్తంతా తాగేస్తోంది. కోడ్ ప్రోగ్రాం అట్టడుగున పడి ఉంది. పెద్దసారు పేరుతో ఏ పని వచ్చినా ముందు పెట్టడం అక్కడి అలవాటు. ఎందుకని ఎవరూ అడగరు.

"పదకొండింటికి సారే ఫోన్ చేసి పెట్టమన్నారు," అంది వెనక నుంచి తేజస్విని.

ఐలయ్య తల గోక్కున్నాడు. "పదకొండింటికి సార్ విమానంల ఉండె గద మేడం. టికెట్ నేనే తెచ్చిన."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. ఆమె విదేశీ ముఠా మనిషి కూడా అని ఓంకార్‌కు అప్పుడర్థమైంది. మెకానిక్ వేషం కోసం అతను తెచ్చిన ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వు తిరిగింది. మంచులాంటి గ్యాస్ ఆమె మణికట్టును కొట్టింది. పిస్తోలు జారి ఓంకార్ చేతికి చిక్కింది.

ఆమె కేక వేయలేదు. "ఐలయ్యా, సార్ పనిని ముట్టుకుంటే నీ ఉద్యోగం ఉండదు," అంది.

ఆ మాట పిస్తోలు కంటే బాగా పనిచేసింది. ఐలయ్య వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. పాస్‌వర్డ్ అతనికొక్కడికే తెలుసు.

మూడు యాభై నాలుగు. ఓంకార్ గద్దించలేదు. వినయ్‌కు ఇరవై ఆరేళ్లని, ట్రైనింగ్ ఇచ్చి పంపింది తానేనని మెల్లగా చెప్పాడు.

"దవాఖానల పానం పోయేటోడొస్తే సర్పంచ్ సుత ఆగాలె," అని గొణిగాడు ఐలయ్య. రిపోర్టును అడుక్కి నెట్టి, కోడ్ ప్రోగ్రాంను పైకి తెచ్చాడు.

డెబ్బై శాతం దగ్గర ఆగిన అంకె కదిలింది. ఎనభై. తొంభై. మూడు యాభై తొమ్మిదికి తెర మీద రేవు పేరు పడింది. ఓంకార్ టూల్‌బాక్సులోని ట్రాన్స్‌మీటర్‌లో ఆ పేరు చెప్పాడు. పడవ కదిలింది.

తేజస్వినిని చీఫ్ మనుషులు పట్టుకెళ్లారు. మర్నాడు రెండు కబుర్లు వచ్చాయి. వినయ్ క్షేమంగా ఒడ్డు చేరాడు. పెద్దసారు పేరును అడుగున పెట్టినందుకు ఐలయ్యకు మెమో అందింది. డైరెక్టర్‌తో తాను మాట్లాడతానని ఓంకార్ ఫోన్ చేశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. పిలగాడు వచ్చిండు గద. మెమోను సుత అడుక్కే పెట్టిన."

సీతాబాయి, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది నార్సింగి.