పరాయి రాజ్యంలో కూలికి కుదిరిన రాజు

జగిత్యాల జిల్లా మొత్తంలో తాటిచెట్టు మీద కూర్చుని మనవరాలిని డిగ్రీలో చేర్పించిన గీతకార్మికుడు ఒకే ఒక్కడు. ఆయన పేరు మొండయ్య. ఊరు కోరుట్లకు కూతవేటు దూరం. నడుముకు మోకు, చేతిలో కత్తి, చెవి దగ్గర సెల్‌ఫోను. పైనుంచి ఆయన ఓటీపీ అంకెలు ఒక్కొక్కటే కేకేసి చెబుతుంటే కింద నిలబడి శ్రీలత రాసుకుంది. ఆ అంకెలతోనే జగిత్యాల డిగ్రీ కాలేజీలో సీటు ఖాయమైంది. కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడగండి, ఒక్కరూ కాదనరు. ఎందుకంటే వాళ్లందరికీ ఆ సంగతి చెప్పింది మొండయ్యే.

ఆ శుక్రవారం పొద్దున కూడా అన్ని పొద్దుల్లాగే మొదలైంది. మొండయ్య కోడలు ప్రేమలత అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. పక్కనే కూతురు శ్రీలత బస్సు వేళ అయ్యేదాకా తునికాకు కత్తిరిస్తోంది. బీడీలు చేసే చేతులకు పుస్తకం పట్టుకునే తీరిక ఉండదు. అందుకని శ్రీలత ఒక ఉపాయం కనిపెట్టింది. పాఠాన్ని గొంతెత్తి చదివి ఫోనులో రికార్డు చేసుకుంటుంది. మర్నాడు ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ దాన్నే వింటుంది. పక్కనున్న తల్లి చెవులూ ఊరుకోవు కదా. అలా ఎనిమిది నెలల్లో ప్రేమలతకు సగం బీఏ అయిపోయింది. సరుకు తగ్గితే ధర ఎందుకు పెరుగుతుందో ఇప్పుడామె కూరగాయల ఆవిడకే చెప్పగలదు.

"తాతా, నిన్న పొద్దుగూకినంక నీ ఫోన్ల రికార్డు చేసిన గదా, గది నాకు పంపు. నా ఫోన్ల జాగ లేకుండె. సోమవారమే పరీక్ష" అంది శ్రీలత సంచీ భుజాన వేసుకుంటూ.

"పంపుత తియ్యి. నాయకుడంటే ఎవడో, గా పాఠం గూడ ఉన్నదా దాంట్ల?"

"ఉన్నది. నాయకత్వ లక్షణాలు ఏడు."

"ఏడా? నేను మన ఊళ్లె ఇప్పటిదాంక రెండే చూసిన బిడ్డా. ఒకటి తినుడు, ఒకటి పండుడు. కడమ అయిదు ఏడ దాచిపెట్టిండ్రో మీ సారును అడుగు."

"మామా, ముచ్చట్లు బంద్ వెట్టు, పొల్లకు బస్సు పోతది" అని ప్రేమలత కసిరింది.

శ్రీలత నవ్వుకుంటూ పరుగెత్తింది. మొండయ్య ఫోను తీసి, మనవరాలు నేర్పినట్టే వేలితో అదిమి, బాణం గుర్తు నొక్కి, మనవరాలి ఫొటో చూసి పంపేసి, కల్లు లొట్లు భుజానికెత్తుకుని తాటిచెట్ల దిక్కు పోయాడు.

ప్రేమలత మాత్రం చేతులు ఆడిస్తూనే గడియారం చూసుకుంటోంది. ఇవాళ శుక్రవారం. భర్త ఫోను చేసే రోజు.

రమేశ్ గల్ఫుకు పోయి మూడేళ్లు దాటింది. పోయిన వానాకాలంలో వాళ్ల కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. పని లేదు, ఇంటికి వచ్చే దారి లేదు. ఒక్క గదిలో పదహారు మంది, మెట్‌పల్లివాళ్లు, గంభీరావుపేటవాళ్లు, సిరిసిల్లవాళ్లు, పొద్దున లేచి తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రమేశ్ అడిగాడు, "పొల్ల నర్సింగుల చేరిందా?" అని. చేరలేదు. దొరికిన నర్సింగు సీటును కాదని శ్రీలత బీఏకు పెట్టుకుంది. ఆ మాట చెప్పాలనే ప్రేమలత నోరు తెరిచింది. కానీ అవతల ఆయన గొంతు విన్నాక ఆ నోట్లోంచి "ఆఁ" అని మాత్రమే వచ్చింది. ఒక్క అక్షరం. దాన్ని నిలబెట్టడానికి ఎనిమిది నెలలుగా ప్రతి శుక్రవారం ఒక కొత్త అబద్ధం అతికించాల్సి వస్తోంది. తెల్లకోటు కుట్టించామంది. సూది వేయడం ముందు నారింజపండు మీద నేర్పుతున్నారంది. ఎదురింటి లస్మవ్వ బిడ్డ నర్సు కాబట్టి ముచ్చట్లకు కరువు లేదు. కానీ ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఆమెకు అన్నం దిగేది కాదు.

నాలుగు గంటలకు ఫోను మోగింది.

"లతా, నర్సింగుల రాజు కూలికి పోవుడేందే?"

ప్రేమలతకు అర్థం కాలేదు. "ఏ రాజు?"

"పొద్దుగాల్ల బాపు పంపిండు గదా, పొల్ల గొంతే. ఏదో రాజ్యంల కరువొచ్చిందట. రాజు యేషం మార్చి పరాయి రాజ్యంల కూలికి కుదిరిండట. పద్యం, దానికి అర్థం. దాని ముంగట నాయకత్వ లక్షణాలు. గంతకు ముందు డిమాండు, సప్లై. ఒక్క సూది ముచ్చట లేదు, ఒక్క మందుగోళి ముచ్చట లేదు."

"గది... నర్సులకు గూడ తెలుగు పరీక్ష ఉంటదట..."

"ఇంజక్షన్ ఇయ్యనీకి నాయకుడెందుకే?"

అప్పుడే బస్సు దిగి వాకిట్లోకి వచ్చిన శ్రీలత తల్లి ముఖం చూసింది. ఫోనులో బాపు అన్న మాట ఆమె చెవిన పడింది. చెప్పులు విప్పి, చెయ్యి చాపింది.

"ఇటియ్యే అమ్మా. బాపూ, అమ్మ తప్పు లేదు. నేను బీఏ చదువుతున్న. తెలుగు సాహిత్యం, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం. చేరి ఎనిమిది నెలలాయె."

రమేశ్ ఒక్కొక్కటే అడగసాగాడు. "తెల్లకోటు?"

"లేదు."

"నారింజపండు?"

ప్రేమలత కొంగుతో నోరు మూసుకుంది.

"ఎనిమిది నెలలు" అన్నాడు రమేశ్. "ఈడ అందరికి చెప్పుకున్న, నా బిడ్డ నర్సయితున్నదని. కంపెనీ నడిచినప్పుడు కాలుకు ఇనుప చువ్వ గుచ్చుకుంటే దవాఖానకు పోయిన. గాడ కేరళ నర్సు కుర్చీ చూపిచ్చి కూసోమన్నది. గీ దేశమచ్చి మూడేండ్లాయె. నన్ను కూసోమన్న మనిషి ఆమె ఒక్కతే. నా బిడ్డ గట్ల కావాలె అనుకున్న. తప్పా?"

"తప్పు కాదు బాపూ. గని మూడేండ్లు నిన్ను నిలవెట్టింది ఎవలు? గది గూడ ఎవలన్న సదువాలె గదా."

"సదివి ఏం జేస్తవ్? నా పాస్‌పోర్టు ఇప్పిస్తవా?"

శ్రీలత దగ్గర చాలా జవాబులున్నాయి, కానీ అవన్నీ పుస్తకాల్లోవి. ఈ ప్రశ్నకు ఆమె దగ్గరున్నది ఒక్కటే. "ఇప్పియ్యలేను బాపూ."

"మరి బంద్ జెయ్యి. ఇగ కాలేజీకి పోకు" అన్నాడు రమేశ్. ఫోను ఆగిపోయింది.

కల్లు దించుకుని ఇంటికి వచ్చిన మొండయ్య మీద ప్రేమలత విరుచుకుపడింది. "కొంప ముంచినవ్ గదా మామా! పొల్లకు పంపుమంటే ఆయినకు పంపినవ్!"

"నేనా? పొల్లకే పంపిన. పొల్ల బొమ్మ చూసే ఒత్తిన" అంటూ ఆయన ఫోను తీసి చూపించాడు.

ఇక్కడ నేను మొదట కొట్టిన డప్పు కొంచెం దించాలి. మొండయ్యకు అక్షరాలు రావు, అంకెలూ రావు. ఓటీపీ వచ్చిన రోజు ఆయన చెట్టు మీద లేడు, చెట్టు కింద తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు. ఫోను కూత పెట్టగానే దాన్ని పట్టుకుని తోటి గీతకాడు పోశం దగ్గరికి ఉరికాడు. పోశం కళ్లద్దాలు ఇంట్లో మరిచాడు. చివరికి శ్రీలతే పొలం గట్ల వెంట పరుగెత్తుకొచ్చి తన ఓటీపీ తానే చదువుకుంది. చెప్పొచ్చేదేమంటే, మొండయ్యకు ఫోనులో మనుషులంటే బొమ్మలే. పోశం అంటే ఎద్దు బొమ్మ. లస్మవ్వ అంటే దీపం. శ్రీలత తన బొమ్మగా మందారప్పువ్వు పెట్టుకుంది, ఆ సంగతి తాతకు తెలియదు. ఆయనకు ఫోనులో మనవరాలి ముఖం కనబడింది, నొక్కాడు.

ప్రేమలత ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. నిజమే, శ్రీలత ముఖమే. ఇంటర్ పరీక్షలకు పోతూ గుమ్మంలో నిలబడి దిగిన ఫొటో. దాన్ని తన బొమ్మగా పెట్టుకున్నది రమేశ్. నిన్నో మొన్నో కాదు, పోయిన ఏడే. ఆ అరచేతంత ఫోనులో తన ముఖం ఉండాల్సిన చోట ఆయన బిడ్డ ముఖం పెట్టుకున్నాడు. ప్రేమలత పేర్లు చదివి ఫోను చేసే మనిషి. ఆ బొమ్మను ఎప్పుడూ పరకాయించి చూడలేదు.

"నన్నేం తిడుతవ్ బిడ్డా" అన్నాడు మొండయ్య చిన్నగా. "వాడే పొల్ల అయి కూసున్నడు."

ఆమెకు తిట్టాలనిపించలేదు. అయినా కూతురి దగ్గరికి వెళ్లి, "మీ బాపు మాట ఇను. సోమవారం పోకు" అనే అంది. అన్నం తినకుండా ఒకరు ఆ దిక్కు, ఒకరు ఈ దిక్కు తిరిగి పడుకున్నారు.

శనివారం ఇంట్లో పాఠం వినబడలేదు. ఆకు మీద కత్తెర చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. శ్రీలత ఎదురు మాట్లాడలేదు, ఏడవనూ లేదు. రోజూ చేసే దానికంటే రెండు కట్టలు ఎక్కువ చేసి చాటలో పేర్చింది. ప్రేమలతకు అదే భయమేసింది. పదిహేనేళ్ల వయసులో తాను కూడా బడి మానేసి మొదటి రోజు ఇట్లాగే రెండు కట్టలు ఎక్కువ చేసింది. మొండయ్య రెండు మూడు హాస్యాలు విసిరాడు గానీ ఎవరూ అందుకోకపోయేసరికి, "ఈ ఇంట్ల ముచ్చటకు డిమాండు పడిపోయింది" అని గొణుక్కుంటూ బయటికి పోయాడు.

ఒక సంగతి ప్రేమలత ఎవరికీ చెప్పలేదు. ఆ రాజు ఏమయ్యాడో ఆమెకూ తెలియదు. శ్రీలత రికార్డు చేస్తున్నప్పుడు ఫోనులో చార్జింగు అయిపోయి, రాజు ఇటుకలు మోసే చోటే పాఠం ఆగిపోయింది. రెండు రోజులుగా ఆమె మనసులో ఆ రాజు తట్ట దించకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రమేశ్ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే వేరే గొంతు.

"అమ్మా, నేను సమ్మయ్యను. సిరిసిల్ల మాది. మీ ఇంటాయన పక్క మంచమే నాది."

ప్రేమలత చాట పక్కన పెట్టి లేచింది. "ఆయినకేమైంది?"

"ఏం గాలేదమ్మా. అటు దిక్కు మల్లుకొని పన్నడు. గది గాదు, పొల్ల చదివిన పాఠం శుక్రవారం మా రూం అందరం ఇన్నం. మీ ఆయిన ఒక్కసారే పెట్టిండు, కడమ పదిసార్లు మేం పెట్టుకున్నం. సగంల ఆగింది. అటెన్క ఆ రాజు ఏమయిండు?"

ప్రేమలత ఫోను కూతురికి ఇచ్చింది. శ్రీలత తల్లి వైపు చూసింది. చదవమంటావా అన్నట్టు. ప్రేమలత లోపలికి వెళ్లి, తానే పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"బిడ్డా, ఒక్కటి ముందుగాల్ల చెప్పు" అన్నాడు సమ్మయ్య. "నేను ఇరవై ఏండ్లు సాంచాలు నడిపిన. బట్ట నేసుడు తప్ప ఏ పనీ రాదు. గా సాంచాలు ఎందుకు ఆగినయో నీ అర్థశాస్త్రంల ఉన్నదా?"

శ్రీలత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "సిరిసిల్ల పేరు లేదు పెద్దబాపూ. గని మా సారును అడుగుత. ఆయినకు తెల్వకపోతే ఎవలకు తెలుసో అడుగుత."

"గంతే చాలు. సదువు మరి."

ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదట పద్యం, తర్వాత అర్థం. రాజు చేతులు బొబ్బలెక్కాయి. మేస్త్రీ తట్ట ఆలస్యమైందని తిట్టాడు. తానెవరో చెప్పుకునే వీలుండీ రాజు చెప్పలేదు. పొద్దుగూకే వేళ తన రాజ్యం ఉన్న దిక్కుకు తిరిగి కూర్చుని, ఇంటి దగ్గర ఇల్లాలు ఇప్పుడేం చేస్తూ ఉంటుందో ఊహించుకున్నాడు. అవతల ఫ్యాను గరగరమంటోంది. ఎవరో దగ్గారు, ఎవరో ఊరుకోమన్నారు. అంతలో దూరంగా, గోడ వైపు నుంచి ఒక గొంతు వచ్చింది.

"జర గట్టిగ సదువు బిడ్డా. ఎనుకోళ్లకు ఇనవడ్తలేదు."

రమేశ్ గొంతు. శ్రీలత పేజీ మీద కన్నీళ్లు పడకుండా పుస్తకాన్ని పక్కకు జరిపి, గట్టిగా చదివింది.

"గింతే ఉన్నది పెద్దబాపూ" అంది చివరికి. "పాఠం ఈడికే అయిపోయింది."

"అయ్యో! ఇంటికి వోతడా, పోడా?" అన్నాడు సమ్మయ్య. వెనకాల పది గొంతులు అదే అడిగాయి.

"మా పాఠంల గంతే ఇచ్చిండ్రు. మొత్తం కావ్యం కాలేజీ లైబ్రరీల ఉన్నది."

ప్రేమలత ఫోను వైపు వంగింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె గొంతు నిజం చెప్పే గొంతులా ఉంది. "రేపు పరీక్ష రాసి, గా బుక్కు తీసుకొనే అస్తది. మళ్ల శుక్రవారం సదువుతది. ఇంటున్నవా, నిన్నే?"

రమేశ్ నుంచి వద్దన్న మాట రాలేదు. సోమవారం పొద్దున ఆరున్నర బస్సుకు శ్రీలతను ఎక్కించి వచ్చింది ప్రేమలతే.

ఇక ఒక మాట ఒప్పుకుని సెలవు తీసుకుంటాను. జర గట్టిగ చదువు బిడ్డా అన్న మాట నేను కల్పించింది. రమేశ్ ఆ రోజు నోరు తెరవలేదు. జరిగింది ఇంతే. శ్రీలత చదువుతుండగా గరగరమంటున్న ఆ ఫ్యాను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ ఎండల దేశంలో, మిట్టమధ్యాహ్నం, పదహారు మంది ఉన్న గదిలో ఎవరో లేచి ఫ్యాను బంద్ చేశారు. స్విచ్చు రమేశ్ తల దగ్గరే ఉంటుందని తర్వాత సమ్మయ్య చెప్పాడు.